మిగతా ఆరు ముప్పావులు

ఆరో మోత వినిపించాక ఆమె చేయి ఆగిపోయింది.

బావికి వంద గజాల దూరంలో ఒక రాతిగుట్ట చాటున మేమంతా వంగి కూర్చుని ఉన్నాం. ఆమె ముందు నేల మీద ఆరు గులకరాళ్ళు వరసగా ఉన్నాయి. ఏడోది ఇంకా కుడిచేతి గుప్పిట్లోనే ఉంది. బావిలో రాయి పేల్చే మనిషికి ఆమె భార్య. ఆయన వత్తులు అంటించి పైకి వస్తాడు. ఆమె దూరంగా కూర్చుని, ఒక్కో మోతకు ఒక్కో రాయి కింద పెడుతుంది. ఎన్ని వత్తులు అంటిస్తే అన్ని రాళ్ళూ కిందికి రావాలి. చేతిలో రాయి మిగిలిందంటే బావి అడుగున పేలని మందు మిగిలిందని అర్థం.

ఆ రోజు అంటించినవి ఏడు.

దుమ్ము బావి నోట్లోంచి స్తంభంలా లేచి, మెల్లగా పక్కకు వాలింది. ఎగిరిన రాతిముక్కలు రాలడం ఆగింది. మా వెనుక ఊరి ఆడవాళ్ళు ఖాళీ కడవలతో నిలబడి ఉన్నారు. ముందు నోరు విప్పింది ఊరి మునసబు.

"ఇంగ అయిపాయ గదా. దిగొచ్చా?"

ఆమె గుప్పిట విప్పి చూపించింది. "యాడయిపాయ? ఇది ఇంకా నా చేతిలోనే ఉండాది."

ఆమె భర్త అప్పుడే పైకి వచ్చినవాడు, నేల మీద వెల్లకిలా పడుకుని రొప్పుతున్నాడు. లేవకుండానే అన్నాడు. "కడాది జోడుగా పోయిందిలే. నేల ఎట్ల అదిరిందో చూడలేదా? రెండూ ఒకేసారి పోయినాయి."

"నీ చెవులు ఎప్పుడో పోయినాయి. మోతలు విని విని నేను పిలిచినా పలకవు. ఇప్పుడు జోడు మోత ఇన్నాడంట."

"చెవులతో కాదు. వీపుతో ఇన్నా."

ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. తల తిప్పి నా వైపు చూసింది. ఏడో రాయి ఆమె చేతిలో ఎందుకు మిగిలిందో అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డోన్‌కు పదకొండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల నాది. యాభైల మొదట్లో ఆ వైపంతా వరసగా వానలు తప్పాయి. ఊరికి తాగునీటి బావి ఒక్కటే. ఎనిమిది మట్ల లోతు. మట్టంటే నిలబడ్డ మనిషి ఎత్తు. అడుగున పలక రాయి తగిలింది. దాని కింద నీళ్ళున్నాయని పెద్దవాళ్ళ నమ్మకం. రాయి మీద మిగిలిన నీళ్ళను చిప్పతో తోడితే పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి నాలుగైదు కడవలు నిండేవి. మునసబు బేతంచెర్ల వైపు రాతి గనుల్లో పనిచేసే ఈ దంపతులను పిలిపించాడు. తొమ్మిది రోజులు సమ్మెటతో, ఉక్కు కడ్డీతో కొట్టి పలకలో ఏడు చిల్లులు వేశారు. పని జరిగినంత కాలం బావిలో నీళ్ళు తోడడం కుదరలేదు. ఆడవాళ్ళు మూడు మైళ్ళ అవతల ఎండిన వంక ఇసుకలో చెలమ గుంట తవ్వుకుని, తెల్లవారక ముందే పోయి, ఎండ ముదిరాక వచ్చేవారు. పదో రోజుకల్లా చెలమ కూడా బురద అయింది.

మందు ఉంది. వత్తి అయిపోయింది. వత్తి అంటే నల్లటి దారపు తొడుగులో మందు నింపిన తాడు. చిల్లులో మందు కూరి, అందులో వత్తి కొస దించి, రెండో కొస బయటికి వదులుతారు. ఆ కొసకు నిప్పు పెడితే అది లోపలికి కాలుతూ పోతుంది. కాలినంత సేపే మనిషికి పైకి వచ్చే గడువు.

ఆ శనివారం నేను బడి లెక్కలు అప్పజెప్పడానికి సైకిల్ మీద డోన్‌కు పోతున్నాను. మునసబు తన పేర ఉన్న పర్మిట్ కాయితం ఇచ్చి, వత్తి కూడా తెచ్చిపెట్టమన్నాడు. ఎంత తేవాలని రాయి పేల్చే ఆయనను అడిగాను.

"ఏడు వత్తులప్పా. వత్తికి రెండుముప్పావు మూర." ఇంత చెప్పి, భార్యను కేకేశాడు. "మే, అయ్యోరికి పురికొస ఇయ్యి."

ఆమె లోపల్నించి పురికొస ఉండ తెచ్చింది. వాళ్ళ పద్ధతి నేను అంతకు ముందే చూశాను. ఆయన మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా ఒక మూర. అట్లా రెండు మూరలు కొలిచి, మూడో మూరలో పావు తగ్గించి, పురికొసకు ఒక ముడి వేస్తాడు. అక్కణ్ణుంచి మళ్ళీ కొలిచి రెండో ముడి. ఎన్ని చిల్లులుంటే అన్ని ముడులు. ఆ పురికొసను అంగట్లో ఇస్తే, దాని పొడవునా వత్తి పరిచి కోసి ఇస్తారు. ఆయనకు చదువు రాదు. గుణకారం అవసరం కూడా రాలేదు.

"పురికొస ఎందుకులే. లెక్క కట్టుకుంటాను" అన్నాను.

ఆమె పురికొస ఉండ విప్పబోయింది. "కొలిచి ఇచ్చేదానికి ఎంతసేపు అయ్యోరా? కూర్చో."

"నేను బడి పంతులును గదమ్మా" అన్నాను, నవ్వుతూ.

ఆయన కూడా నవ్వాడు. "అవునప్పా, సదివినాయనకు మన ముడులెందుకు?"

సైకిలెక్కాను. ఊరు దాటగానే ఎత్తు వచ్చింది. తొక్కుతూ లెక్క కట్టాను. ఏడు రెళ్ళు పద్నాలుగు. పైన ముప్పావు. పద్నాలుగు ముప్పావు మూరలు. ముందురోజే బడిలో నల్లబల్ల మీద ఇట్లాంటి లెక్కే వేశాను. సంచికి మూడుంబావు సేర్ల కొర్రలైతే, ఆరు సంచులకు ఎన్ని సేర్లు? ఒకడు పద్దెనిమిదింబావు అని రాస్తే, పావును కూడా ఆరుతో హెచ్చించాలి గదా అని వాడి పలక తుడిపించి మళ్ళీ చేయించాను. పత్తొమ్మిదిన్నర వచ్చేదాకా వదల్లేదు. ఆ మాట ఎత్తు మీద ఊపిరాడక తొక్కుతున్నప్పుడు గుర్తుకు రాలేదు. దిగేటప్పుడూ రాలేదు.

డోన్‌లో అంగడి ఆయన పెద్ద వయసు ముసల్మాను. పర్మిట్ కాయితం రెండుసార్లు చదివాడు. "పురికొస యాడుంది మాస్టరూ? ఆ రాయి కొట్టే ఆయన పురికొస లేకుండా ఎప్పుడూ పంపడే."

"నేను లెక్క కట్టాను. పద్నాలుగు ముప్పావు మూరలు."

ఆయన దగ్గర ఇనుప గజంబద్ద ఉంది. గజానికి రెండు మూరలు. కొలిచి, చివర్లో కాస్త వదిలాడు. "ఏడున్నర గజాలు ఇచ్చినా. పావు మూర ఎక్కువే. నిప్పుతో పని, తక్కువ ఉండగూడదు."

ఆదివారం పొద్దున బావి దగ్గర రాయి పేల్చే ఆయన వత్తి చుట్ట విప్పి తన చేతికి పట్టి కొలిచాడు. పదిహేను మూరలకు వత్తి అయిపోయింది. కొస పట్టుకుని, ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు సంచి వైపు చూశాడు.

"తక్కిన చుట్ట యాడప్పా?"

"అంతే. ఏడు రెళ్ళు పద్నాలుగు, పైన ముప్పావు. అంగడాయన ఇంకో పావు కలిపి ఇచ్చాడు."

పక్కన గంపకు నార చుడుతున్న ఆమె తలెత్తింది.

"మిగతా ఆరు ముప్పావులు యాడ పెట్టినావు అయ్యోరా? దోవలో పారేసుకున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమయ్యేసరికి ఆమె అప్పటికే నేల మీద గులకరాళ్ళు రెండేసి చొప్పున ఏడు చోట్ల పెట్టింది. ఒక్కో జత పక్కన ఒక పెంకు ముక్క. పెంకు ముక్కంటే ముప్పావు.

"ముప్పావూ ముప్పావూ ఒకటిన్నర." రెండు పెంకులు ఒకచోటికి జరిపింది. "ఇంకో రెండు, ఇంకో ఒకటిన్నర. మూడాయె. ఇంగ మూడు పెంకులుండాయి. అవి రెండుంబావు. అంతా ఐదుంబావు. ఇప్పుడు నీ పద్నాలుగుకు కలుపు."

"పత్తొమ్మిదింబావు" అన్నాను.

"నాలుగుంబావు తక్కువ." ఆమె పెంకులు విసిరేసింది. "మా అవ్వ జొన్నలు కొలుస్తా నేర్పింది నాకు. నీకు ఎవరు నేర్పినారో."

మళ్ళీ పోయి తెస్తానన్నాను. ఆదివారం ఆ అంగడి తెరవరు. సోమవారం తెరిచేదాకా ఆగి తేవాలి. వెనక ఒక ముసలామె కడవ నేలకు దించి అంది. "చెలమలో నిన్న కప్ప కూడా లేదు నాయనా. సోమవారం దాకా ఏం తాగల్ల?"

ఉన్న వత్తితో ఐదు చిల్లులు పేల్చి, రెండు తరువాత చూద్దామని మునసబు అన్నాడు. ఐదు వత్తులకు పదమూడు ముప్పావు, సరిపోతుంది. రాయి పేల్చే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఐదు పేలితే తక్కిన రెండు చిల్లులూ రాళ్ళ కింద పూడిపోతాయి, వాటి నోళ్ళు పగులుతాయి. మళ్ళీ కొత్తగా కొట్టాలంటే ఇంకో మూడు నాలుగు రోజులు. పేలిస్తే ఏడూ పేల్చాలి, లేదా ఆగాలి.

ఆయన బావిలోకి తొంగి చూశాడు. భార్య ఆయన్నే చూస్తోంది.

"తలా రెండు మూరలు కోస్తా" అన్నాడు.

"ముప్పావు మూర తక్కువ" అంది ఆమె.

"పొద్దున్నే గంజి తాగినా. బిరబిరా అంటిస్తాలే."

"గంజి తాగితే రెక్కలొస్తాయా?"

ఆయన రెండేసి మూరల చొప్పున ఆరు కోశాడు. చుట్టలో ఇంకా మూడు మూరలు ఉంది. ఏడోదానికి రెండు పోతే ఒక మూర ఎక్కువ. దాన్ని ఏడు సమానమైన ముక్కలు చేయడం చేతితో అయ్యే పని కాదు. చేసినా, వత్తికి వత్తి అతికిస్తే నిప్పు అతుకు దగ్గర ఆగిపోతుంది. అందుకని చివరిదాన్ని కోయకుండా మూడు మూరలుగానే ఉంచాడు. అన్నిటికంటే ముందు అంటించేదానికి అది పెడతానన్నాడు. ముందు అంటించిందే ముందు పేలుతుంది గదా, దానికి ఎక్కువ గడువు ఉండాలి. అందరికీ సబబుగా తోచింది. నాకూ తోచింది. అందులో ఉన్న రెండో తప్పు ఆమెతో సహా ఎవరికీ తట్టలేదు.

దిగే ముందు ఆయన నన్ను పిలిచాడు. ఏదో తిడతాడనుకున్నాను. "అయ్యోరా, మోకు పట్టేవాళ్ళ దగ్గర నిలబడు. వాళ్ళు నిదానం చేస్తే కేకెయ్యి. నీ గొంతు బడిలో బాగా వినపడుతాది" అన్నాడు.

గిలక మీది మోకుకు కట్టిన చెక్కపలక మీద కూర్చుని దిగి, చిల్లుల్లో మందు కూరి వత్తులు పెట్టి, అంటిస్తున్నానని కేకేశాడు. పైన నలుగురు మోకు పట్టుకున్నారు. ఆమె ఏడు రాళ్ళు చేతిలోకి తీసుకుని అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ దగ్గర గడియారం లేదు. మూర వత్తి కాలడానికి ఆమె లెక్కలో యాభై. ఏళ్ళ తరబడి ఒకే వేగంతో లెక్కపెట్టి ఆ గొంతు గడియారం అయిపోయింది.

కింద మొదటి మెరుపు కనిపించింది. ఆమె "ఆరు" అంది. ఒక్కో వత్తికి ఆరంకెలు పట్టేలా ఉంది. ఈసారి నేను జాగ్రత్తగా హెచ్చించాను. ఏడు వత్తులకు నలభై రెండు. పైకి లాగడానికి మట్టుకు నాలుగున్నర. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, ఎనిమిది అరలు నాలుగు. ముప్పై ఆరు. మొత్తం డెబ్బై ఎనిమిది. మొదటిది పొడుగు కాబట్టి ముందు పేలేది రెండోదే. అది పన్నెండు దగ్గర అంటుకుంటుంది, రెండు మూరలు కాలడానికి నూరు, నూట పన్నెండు దగ్గర పేలుతుంది. ముప్పై నాలుగు అంకెలు మిగులుతాయి. పురికొస తీసుకుని పోయి ఉంటే మొదటి వత్తి నూట నలభై మూడున్నరకు పేలేది, ఇంకో ముప్పై ఒకటిన్నర ఉండేవి.

ముప్పై ఆరుకు ఆరు వత్తులు కాలుతున్నాయి. నలభై రెండు దాటింది. మోకు కదల్లేదు. నలభై ఐదు. యాభై. ఆమె గొంతు మారలేదు.

"లాగమని చెప్పలేదేంది?" మోకు పట్టుకున్న వాళ్ళలో ఒకడు అరిచాడు.

"తడిసినట్టుండాది!" కింద నుంచి ఆయన గొంతు. బావిలో పొగ నిండుతోంది. యాభై మూడు. యాభై నాలుగు.

యాభై ఆరుకు మోకు గట్టిగా ఊగింది.

నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. నలుగురూ మోకు భుజాన వేసుకుని పరుగెత్తారు. ఆమె లెక్క ఆపలేదు. అరవై. డెబ్బై. ఎనభై దగ్గర గిలక ఒకసారి కిర్రుమని ఆగినట్టే ఆగి, మళ్ళీ తిరిగింది. తొంభై రెండుకు ఆయన తల గట్టు మీద కనిపించింది. జబ్బలు పట్టి లాగి, రాతిగుట్ట వైపు పరుగెత్తాం. నూట పన్నెండు అని ఆమె అంటూ ఉండగానే మొదటి మోత.

తరువాత ఒకటి. ఒకటి. ఒకటి. ఒకటి. మొత్తం ఐదు. ఐదు రాళ్ళు కిందికి దిగాయి. తరువాత చాలాసేపు ఏమీ లేదు. నూట యాభై ఆరు దగ్గర ఇంకొకటి, పెద్దది.

రెండో తప్పు అప్పుడు తెలిసింది నాకు. మూడు మూరల మొదటి వత్తి ఆరు దగ్గర అంటుకుంది. దానికి నూట యాభై కలిపితే నూట యాభై ఆరు. చివరి వత్తి, తడిసి ఆలస్యమై, యాభై ఆరు దగ్గర అంటుకుంది. దానికి నూరు కలిపినా నూట యాభై ఆరే. చివరిది అంటుకుని ఉంటే రెండూ ఒకేసారి పేలి ఉండాలి. అంటుకోకపోతే మొదటిది ఒక్కటే పేలి ఉండాలి. వత్తులన్నీ ఒకే పొడవు ఉంటే, అంటించిన వరసలోనే మోతలు వచ్చేవి. వరసలో పేలనిది ఏదో ఖాళీ చెప్పేసేది.

"నిప్పులు చిమ్మింది చూసినా" అన్నాడు ఆయన. "ఏడోది అంటుకునింది."

"చిమ్మి ఆరిపోలేదని ఎట్ల చెప్తావు?" అంది ఆమె.

చేతిలో రాయి మిగిలితే ఒక రోజు గడిచేదాకా ఎవరూ దిగకూడదని వాళ్ళ కట్టుబాటు. వత్తి లోలోపల రగులుతూ ఉండొచ్చు. గడిచాక కూడా అంటించిన మనిషే ముందు దిగాలి. ఆడవాళ్ళు ఖాళీ కడవలతో ఇళ్ళకు పోయారు. పోతూ పోతూ ఒకామె నా వైపు చూసి, పక్కనామెతో, "మా వానికి ఈ అయ్యోరే లెక్కలు సెప్తాండేది" అంది. నాకు వినపడాలనే అంది.

మరునాడు మధ్యాహ్నం ఆయన దిగాడు. మోకు ముందు కొస ఆమె పట్టుకుంది. నన్ను చూసి, "వెనక నువ్వు పట్టు" అంది. "లెక్క తప్పినోడి చేతిలో కూడా బరువుండల్ల."

కింద గడ్డపార వాడలేదు. ఏడో చిల్లులో మందు ఉంటే, ఇనుము తగలగానే పేలుతుంది. ఒక్కో రాయినీ చేతులతో ఎత్తి గంపలో పెట్టి, మోకు ఊపేవాడు. ఏడో చిల్లు ఉత్తరం పక్కన ఉంది. రాళ్ళ కుప్ప ఎక్కువగా పడింది అక్కడే. నలభై గంపలు పైకి వచ్చాక కింద నుంచి కేక వచ్చింది. మోకు నా అరచేతిలో జారి తోలు లేచిపోయింది.

"నీళ్ళు!"

పలక పగుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. మొదట మడమ దాకా. పొద్దు వాలేసరికి మోకాలి దాకా. ఉత్తరం పక్క కుప్ప ఇంకా నడుమెత్తు ఉండగానే దాని అడుగు మునిగిపోయింది. ఆయన చేతులు నీళ్ళలో పెట్టి తడిమి చూశాడట. రాయి నెర్ర విచ్చినట్టు తగిలింది. అది పక్క మందుకు విచ్చిందో, దాని మందుకే విచ్చిందో చేతికి తెలియలేదు. ఆమె పైనుంచి ఒకే మాట అంది. "చాలు, రా." ఆయన వచ్చాడు.

ఆ రాత్రి ఊరంతా నీళ్ళు తాగింది. మర్నాడు వాళ్ళిద్దరూ బండి మీద బేతంచెర్ల దారి పట్టారు. పోయే ముందు ఆయన మునసబుతో, ఉత్తరం పక్క ఇనుము తగలనియ్యవద్దని మూడుసార్లు చెప్పాడు. ఆమె ఆరు గులకరాళ్ళను బావి గట్టు మీద వదిలేసింది. ఏడోదాన్ని వాటిలో కలపలేదు. కొంగున ముడి వేసుకుంది. నాకు పురికొస ఉండ ఇచ్చి, "బడిలో పెట్టుకో" అంది.

తరువాత నేను బడి వదిలి పత్రిక పనిలోకి వచ్చాను. యాభైల చివర్లో ఒకసారి ఆ ఊరి మీదుగా పోతూ బావి దగ్గర ఆగాను. బావిని ఇంకో మట్టు లోతు చేయడానికి తాలూకా నుంచి ఓవర్సీరు వచ్చి ఉన్నాడు. పాత కాయితంలో మునసబు ఏడు చిల్లులూ పేలినట్టు రాయించి ఉన్నాడు. నేను ఆ రోజు అక్కడున్నానని తెలిసి, ఓవర్సీరు అది చూపించి, నిజమేనా అని నన్ను అడిగాడు. ఏడు అంటించారు, ఆరు విన్నాం అని చెప్పాను. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దక్షిణం సగమే లోతు చేయించాడు.

ఉత్తరం సగం పలక, దాని మీది రాళ్ళ కుప్ప కూడా కదపకుండా, అట్లాగే ఉంది. దాని మీద నీళ్ళు పూర్తిగా దిగిన ఎండాకాలం ఆ తరువాత రాలేదు. ఏడో చిల్లు ఖాళీగా ఉందో, నిండుగా ఉందో ఎవరూ చూడలేదు.